డల్లాస్ ఫోను, కాకుమాను సిగ్నలు: అత్తయ్యకి నెట్ వస్తోంది, కాల్ వెళ్లట్లేదు

భవానీపురం అల్లుడు
బావమరిది డల్లాస్ నుంచి వాళ్లమ్మకి ఆండ్రాయిడ్ ఫోను పంపాడు. అక్కడి కంపెనీ లాక్ తీయించే పంపాడు. విజయవాడలో మా ఇంట్లో యూట్యూబ్ పరిగెత్తింది. కాకుమాను దగ్గర వాళ్ల ఊరు తీసుకెళ్లి 2జీ లేని జియో సిమ్ వేస్తే వాట్సాప్ వస్తోంది, మామూలు కాల్ మాత్రం కలవట్లేదు. వంటింట్లోకి వెళ్తే ఒక్క గీత. ఫోను పట్టే బ్యాండ్లు (సిగ్నల్ వచ్చే పౌనఃపున్యాలు) ఇవి: 1, 2, 3, 4, 5, 7, 12, 13, 20, 28, 66, 71. ఆ ఊళ్లో ఏ సిమ్ మేలు? కాల్ ఎందుకు వెళ్లట్లేదు? ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోనులోనే ఎక్కించే సిమ్) చేయిస్తే ఏమన్నా తేడా ఉంటుందా? అత్తయ్య దృష్టిలో తప్పు ఫోనుది కాదు, నాది.

మొగల్రాజపురం కొండకింద
మీకు వంటింట్లో ఒక గీతన్నా వస్తోంది. మాకు కొండ అడ్డం. పదేళ్లుగా బాల్కనీ చివర నిలబడి మాట్లాడుతున్నా. ఎదురింటావిడకి మా ఇంటి విషయాలన్నీ తెలుసు.

పటమట కుర్రాడు
బ్యాండ్ 5 ఉందిగా, 5జీ ఆన్ చేయండి, అంతా సెట్.

గవర్నర్‌పేట సెల్‌షాప్
బ్యాండ్ 5 అంటే 5జీ అని ఎవరు చెప్పారు తమ్ముడూ! రోజుకి పదిమంది ఇదే మాటతో వస్తారు. బ్యాండ్ 5 అంటే 850 మెగాహెర్ట్జ్, 4జీదే. నంబరు పేరు మాత్రమే, పెద్దదైతే గొప్పా కాదు, చిన్నదైతే తక్కువా కాదు. 8 అంటే 900, 3 అంటే 1800, 1 అంటే 2100, 40 అంటే 2300, 28 అంటే 700. ఇందులో వరస ఎక్కడుంది?

పటమట కుర్రాడు
తెలియక అడిగాను, అంత అరవాల్సిన పని లేదు.

గవర్నర్‌పేట సెల్‌షాప్
నువ్వు అడగలేదు, చెప్పావు.

టవర్ బాబాయ్
22 ఏళ్లు టవర్లెక్కి బతికినవాణ్ణి, నా మాట వినండి. పౌనఃపున్యం తగ్గేకొద్దీ తరంగం దూరం పోతుంది, గోడలోంచి దూరుతుంది. 700, 850, 900 పల్లెకి. 2300 సిటీలో స్పీడుకి, గోడ అడ్డొస్తే చచ్చిపోతుంది. అల్లుడుగారి ఫోనులో 40 లేదు, 8 లేదు. జియో 4జీకి వాడేది 3, 5, 40. ఇందులో మూడూ అయిదూ ఉన్నాయి కాబట్టి పల్లెలో ఫర్వాలేదు, బెజవాడలో మాత్రం సాయంత్రం పూట నత్తనడక. ఎయిర్‌టెల్ వేస్తే 900 పొర మొత్తం పోతుంది, ఇంట్లోపల దెబ్బ. బీఎస్ఎన్ఎల్ 4జీకి 28, 1 వాడతారు, రెండూ ఉన్నాయి. చిత్రమేంటంటే మన దగ్గర కొన్న పాత చవక ఫోన్లలో 28 ఉండదు, అమెరికా ఫోనులో ఉంది.

బ్రాడీపేట 4/14
బాబాయ్, కాల్ సంగతి?

టవర్ బాబాయ్
అది బ్యాండ్ల గొడవ కాదు. ముందు అల్లుడుగారిని ఒకటి అడగాలి. భవానీపురంలో యూట్యూబ్ చూసింది సిమ్ మీదా, మీ ఇంటి వైఫై మీదా?

భవానీపురం అల్లుడు
...వైఫై మీదే.

బ్రాడీపేట 4/14
😂😂 అత్తయ్యగారు చెప్పిందే నిజం.

గవర్నర్‌పేట సెల్‌షాప్
నేను చెప్తా. మీది వోల్టీ సమస్య, అంటే 4జీ మీద మాట వెళ్లే పద్ధతిది. జియోకి 2జీ, 3జీ లేవు, మాటకూడా 4జీ మీదే వెళ్లాలి. అమెరికా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మన కంపెనీల వోల్టీ ప్రొఫైల్ ఉండదు. లాక్ తీసినంత మాత్రాన అది రాదు. ఐఫోన్‌కి ఈ బాధ తక్కువ, సిమ్‌ని బట్టి సెట్టింగ్ అదే తెచ్చుకుంటుంది. మీ ఫోనులో స్టార్ హాష్ స్టార్ హాష్ 4636 హాష్ స్టార్ హాష్ స్టార్ కొట్టండి. ఫోన్ సమాచారంలో వోల్టీ స్విచ్ మసకగా ఉందంటే అంతే సంగతులు. 2జీ ఉన్న కంపెనీ సిమ్ అయితే కాల్ వచ్చినప్పుడు 2జీకి దిగి మాట కలుస్తుంది.

కొత్తపేట గుంటూరు
ఇన్ని తిప్పలెందుకండీ. నేను ఆన్‌లైన్‌లో బూస్టర్ తెప్పించా. మూడున్నర వేలు. డాబా మీద యాంటెనా, లోపల డబ్బా. అయిదు గీతలూ నిండుగా. మా ఇంట్లో పండగే.

టవర్ బాబాయ్
వెంటనే పీకేయండి.

కొత్తపేట గుంటూరు
ఎందుకంట? నా డబ్బులు, నా డాబా.

టవర్ బాబాయ్
అనుమతి లేకుండా రిపీటర్ పెట్టడం చట్టవిరుద్ధం. అది పక్కన పెట్టండి. ఆ డబ్బా మీ ఫోను మాటతో పాటు చెత్తని కూడా పెంచి టవర్లోకి ఎక్కిస్తుంది. టవరుకి చెవుల్లో హోరు. చుట్టుపక్కలందరికీ గీతలు నిండుగా కనిపిస్తాయి, కాల్ మాత్రం తెగిపోతుంది. ఒకసారి గుంటూర్లోనే ఇట్టాంటిదాని కోసం రెండ్రోజులు చేతిలో యాంటెనా పట్టుకుని సందుసందు తిరిగా. రెండోరోజు మధ్యాహ్నం మూడింటికి ఒక హాస్టల్ మీద దొరికింది. వెదురుకర్రకి బట్టల తాడుతో కట్టి, పైన వాన పడకుండా పెరుగు బకెట్ బోర్లించి పెట్టారు.

బ్రాడీపేట 4/14
ఆగండాగండి. ఏ సందు? పోయిన వేసవంతా మా లైన్లో కాల్ అర నిమిషం ఆగలేదు. కంపెనీకి ఫిర్యాదు ఇస్తే ఫోను ఆపి ఆన్ చేయమన్నారు. మళ్లీ ఇస్తే మళ్లీ అదే.

కొత్తపేట గుంటూరు
నా మీద పెడతారేంది? కొత్తపేటెక్కడ, బ్రాడీపేటెక్కడ!

బ్రాడీపేట 4/14
మీరని ఎవరన్నారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

కొత్తపేట గుంటూరు
మాటలు జాగ్రత్త. కంపెనీ వాళ్లు సరిగ్గా సిగ్నలిస్తే నేను డబ్బా ఎందుకు కొంటా? నెలనెలా రీచార్జి చేసేది నేను, ఇంట్లో సిగ్నల్ లేనిది నాకు, తప్పూ నాదేనా?

గవర్నర్‌పేట సెల్‌షాప్
ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ పెట్టుకోండి. అయిదారేళ్ల నుంచి ఉంది, రూపాయి ఎక్కువ పడదు. కానీ మళ్లీ ఫోనులో ఆ సదుపాయం, కంపెనీ ఒప్పుకోలు రెండూ ఉండాలి.

కొత్తపేట గుంటూరు
ఇది మొదట చెప్తే మూడున్నర వేలు మిగిలేవి.

సింగ్‌నగర్ 2024
బ్యాండ్లు, బూస్టర్లు అంటున్నారు. 2024 సెప్టెంబర్లో బుడమేరు ముంచినప్పుడు నా ఫోనులో అన్ని బ్యాండ్లూ ఉన్నాయి, టవరుకి కరెంటే లేదు. మా సందులో నలుగురం, నాలుగు రకాల సిమ్‌లు. నీళ్లట్యాంకు మీదకెక్కి చేతులు పైకెత్తి తిరిగాం. ఎవరికి ఒక గీత వస్తే అందరిళ్లకీ వాడి ఫోనుతోనే కబురు. అప్పటినుంచి ఇంట్లో రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకున్నా. ఎవరిది మంచిదని అడగొద్దు, ఇద్దర్నీ నమ్మను.

మొగల్రాజపురం కొండకింద
కొండ అడ్డం ఉంటే 700 అయినా రాదా బాబాయ్?

టవర్ బాబాయ్
తక్కువ బ్యాండు కొంచెం వంగి వస్తుంది. కానీ కొండ కొండే. గీతలు చూడకండి, ఒక్కో ఫోనుది ఒక్కో లెక్క. అదే 4636 పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అని ఉంటుంది, అది సిగ్నల్ బలం లెక్క. మైనస్ 85, 90 ఉంటే బాగున్నట్టు. మైనస్ 110 దాటితే బాల్కనీయే గతి.

మొగల్రాజపురం కొండకింద
మైనస్ 117.

టవర్ బాబాయ్
బాల్కనీలో కుర్చీ వేసుకోండి.

పటమట కుర్రాడు
కొనేముందు కవరేజ్ మ్యాప్ చూసుకోవచ్చుగా? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పిందని కంపెనీలు వాళ్ల సైట్లలో పెడుతున్నాయి.

బ్రాడీపేట 4/14
ఆ మ్యాప్‌లో మా ఇల్లు పచ్చగా ఉంది. మా ఇంట్లో పచ్చగా ఉన్నది కరివేపాకు చెట్టొక్కటే.

భవానీపురం అల్లుడు
ఆదివారం వెళ్లొచ్చా. 4636 కొట్టా, వోల్టీ స్విచ్ మసకగానే ఉంది. పక్కింటాయన దగ్గర 2జీ ఉన్న సిమ్ అడిగి వేస్తే కాల్ కలిసింది, మాట్లాడుతున్నంతసేపూ నెట్ ఆగింది. వంటింట్లో ఆ ఒక్క గీతా లేదు, బాబాయ్ చెప్పిన 900 పొర ఇదే కాబోలు. అత్తయ్య అంతా చూసి, తన పాత ఫోను చీర కొంగుతో తుడుచుకుని సిమ్ అందులోనే వేయించుకుంది. డల్లాస్ ఫోను మనవరాలి వీడియో కాల్‌కి, ఇంటి వైఫై మీద. ‘ఇంత ఖరీదు పెట్టి హలో అనడానికి పనికిరాదా’ అని బావమరిదిని అడిగింది. వాడు ‘బావకి సెట్టింగ్ చేయడం రాలేదేమో’ అన్నాడు.

ఈ-సిమ్ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

గవర్నర్‌పేట సెల్‌షాప్
ఈ-సిమ్ చేసినా వోల్టీ వోల్టీయే. ఇంతకీ ఆ ఫోను అమ్మే ఉద్దేశం ఏమన్నా ఉందా? చార్జరు, డబ్బా ఉంటే తీసుకురండి.