ఫ్రీగా దొరికే 'కార్నివాల్ ఆఫ్ సోల్స్'కి డిస్క్ కొనడం అవసరమా?

గోదారోడు: నెట్‌లో ఫ్రీగా ఉన్న సినిమాకి వేలు పోసి డిస్క్ కొనేవాళ్ళని ఏమనాలి? 1962లో వచ్చిన దెయ్యం సినిమా, ప్రింట్ మీద కాపీరైట్ నోటీసు వెయ్యలేదు, దాంతో అమెరికాలో ఎవడి సొత్తూ కాకుండా పోయింది. ఎవడైనా కాపీ చేసుకోవచ్చు. మరి డిస్కులు పోగేసే కలెక్టర్ల హడావిడి దేనికంట?

రీలుమామ: ఎవడి సొత్తూ కాదు కాబట్టే తమ్ముడూ, ఏళ్ళ తరబడి మసక ప్రింట్లు తిరిగాయి. దీని డైరెక్టర్ హెర్క్ హార్వీ అమెరికాలోని కాన్సాస్‌లో స్కూళ్ళకీ ఫ్యాక్టరీలకీ ఫిల్ములు తీసే కంపెనీలో పనిచేసేవాడు, సెలవు పెట్టి మూడు వారాల్లో దాదాపు 33 వేల డాలర్లతో తీసేశాడు, దెయ్యం వేషమూ తనే, మళ్ళీ ఇంకో పెద్ద సినిమా తీస్తే ఒట్టు. కారు అద్దంలో ఆ తెల్ల మొహం కనబడే షాట్ 2016లో మసకంతా తుడిచి శుభ్రం చేసి తెచ్చిన 4కే రిస్టోరేషన్‌లో చూడు, అప్పుడు మాట్లాడు.

అర్ధరాత్రి: బట్టల షాపులో హీరోయిన్ ఎవరికీ కనపడకుండా పోయే సీన్ తర్వాత నేను ట్రయల్ రూమ్‌కి వెళ్ళడం మానేశా

గోదారోడు: మీ మాట నమ్మి బయట్నుంచి తెప్పించా. కస్టమ్స్ బాదుడు సరే, తీరా చూస్తే రీజియన్ 'ఏ' డిస్క్ (ఒక్కో ప్రాంతానికి ఒక్కో కోడ్ పెడతారుగా), మనది 'సి', ప్లేయర్ తీసుకోనంది.

రీలుమామ: రీజియన్ చూసుకోకుండా కొని నామీద పడితే ఎలా? ఇంతకీ నువ్వు చూసింది 78 నిమిషాల వెర్షనా, 84 నిమిషాల పొడుగు వెర్షనా?

బెజవాడ_బుజ్జి: మళ్ళీ నిమిషాలు మొదలెట్టాడ్రా నాయనా 😂

గోదారోడు: ఆరు నిమిషాలకి దెయ్యం ఎక్కువ భయపెడుతుందా? నీ దగ్గరున్నవాటిలో సీల్ తీసినవెన్ని? పోయినేడు ఒక్కరోజుకి ఇమ్మంటే ఇవ్వనన్నావ్.

రీలుమామ: 2000లో వచ్చిన డీవీడీ సెట్, రెండు వెర్షన్లూ ఉండేది, రూమ్మేట్‌కిచ్చా. వారం తర్వాత చూస్తే దానిమీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. ఆరోజే ఒట్టేసుకున్నా.

గోదారోడు: అంటే ఇంకెవడూ చూడకూడదు, అంతేగా. 1989లో మళ్ళీ థియేటర్లకొచ్చేదాకా దాన్ని బతికించింది అర్ధరాత్రి టీవీల్లో చూసిన జనం. నీ సీల్ కవర్లు కాదు.

రీలుమామ: అందరూ చూసేవి కావాలంటే సంక్రాంతికి బోల్డొస్తాయి. ఇది నేను వెతుక్కున్న సినిమా.

బెజవాడ_బుజ్జి: నేనింకా చూళ్ళేదు, లింకుంటే పడెయ్యండి

రీలుమామ: ఆ మసకది చూడకు. ఆదివారం ఇంటికి రా, నేనేస్తా. డిస్క్ మాత్రం ముట్టుకోకు.

గోదారోడు: నన్నెప్పుడైనా పిలిచావా?