చిన్న పిల్లలను వెంటబెట్టుకుని లాస్ వేగాస్ వెళ్లవచ్చా?

మధురవాడ అమ్మ

వేసవి సెలవుల్లో, మే నెలాఖరున, మా మరిది దగ్గరికి లాస్ ఏంజెలెస్ వెళుతున్నాం. నేను, మా వారు, అత్తగారు, ఆరేళ్ల బాబు, మూడేళ్ల పాప. అక్కడి నుంచి కారులో, జూదానికి పేరుపడ్డ లాస్ వేగాస్ తీసుకెళతానని, నాలుగు రాత్రులకు గదులు కూడా చూసి ఉంచానని మరిది అంటున్నాడు. సుమారు 430 కిలోమీటర్లు, నాలుగైదు గంటల దారి.

ఈ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. "ధర్మరాజంతటివాడే పాచికల ముందు కూర్చుని ఆలిని ఒడ్డాడు, పసివాళ్లకు ఆ ఊరి గాలి ఎందుకమ్మా" అని అత్తగారు. "మనం ఆడేది లేదు, దీపాలు చూసి వచ్చేస్తాం, తప్పేముంది" అని మా వారు. నాకు ఇద్దరి మాటలూ నిజమే అనిపిస్తున్నాయి. వెళ్లి వచ్చినవారు, వద్దనేవారు అందరూ చెప్పండి. నేను అడుగుతున్నది ఖర్చు గురించి కాదు, పిల్లల గురించి.

గాజువాక తండ్రి

వద్దండి. నా మాట కటువుగా ఉంటే క్షమించండి.

మా తమ్ముడు ఫోనులో రమ్మీకి అలవాటు పడ్డాడు. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించేసరికే మా నాన్న కొన్న ఇంటి స్థలం చేతులు మారిపోయింది. వాడు చెడ్డవాడు కాదు, చదువుకున్నవాడు, పిల్లలంటే ప్రాణం పెట్టేవాడు. జూదం ఎవరినీ భయపెట్టి లోపలికి పిలవదు. వెలుగులు చూపించి, పాట వినిపించి, మొదటి రోజు కాస్త గెలిపించి పిలుస్తుంది.

మీ ఆరేళ్ల బాబుకు అక్కడ కనిపించేది ఇల్లు పోగొట్టుకున్నవాడి ముఖం కాదు. గంటలు మోగుతుంటాయి, రంగులు తిరుగుతుంటాయి, పెద్దవాళ్లు చప్పట్లు కొడుతుంటారు. వాడి కంటికి అదొక తిరనాళ్లు. మొదటిసారి చూసిన తిరనాళ్లను పిల్లలు మరచిపోరు. నా భయం అదే.

పాత హెండర్సన్

మా వారి ఉద్యోగం వల్ల లాస్ వేగాస్‌ను ఆనుకుని ఉన్న హెండర్సన్‌లో ఐదేళ్లు ఉండి వచ్చాం. మా అమ్మాయి అక్షరాలు దిద్దింది అక్కడే. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందుగా, అది పిల్లలు లేని ఊరు కాదు. లాస్ వేగాస్ ఉన్న క్లార్క్ కౌంటీ బడుల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలు చదువుతున్నారు, అమెరికాలోని పెద్ద బడి వ్యవస్థల్లో అది ఐదోది. గ్రంథాలయాలు, పార్కులు, పుట్టినరోజు పండుగలు అన్నీ మామూలుగానే ఉంటాయి. మీరు ఫొటోల్లో చూసే దీపాల వీధిని స్ట్రిప్ అంటారు. దాని పొడవు ఏడు కిలోమీటర్లకు లోపే. అసలు అందులో ఎక్కువ భాగం లాస్ వేగాస్ నగర పరిధిలో లేదు, ప్యారడైజ్ అనే ప్రాంతంలో ఉంది. ఒక వీధిని చూసి ఊరంతటికీ పేరు పెట్టడం నాకు నచ్చదు.

ఇక కాసినో, అంటే జూదశాల, సంగతి. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో 21 ఏళ్ల లోపువారు జూదం ఆడకూడదు, ఆ హాల్లో ఆగకూడదు, కాని దారిలో భాగంగా నడిచి దాటవచ్చు. దాటక తప్పదు కూడా, ఎందుకంటే చాలా హోటళ్లలో గదికి వెళ్లాలన్నా, భోజనానికి వెళ్లాలన్నా కాసినో మీదుగానే దారి. మా అమ్మాయి ఒకసారి ఒక యంత్రం ముందు చెప్పు సరిచేసుకోవడానికి వంగింది. అర నిమిషంలో కాపలా మనిషి వచ్చి, మర్యాదగానే, ముందుకు నడవమన్నాడు. పిల్లలు జూదం నేర్చుకుంటారన్న భయం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నా అభ్యంతరం పొగ మీద. 2006లో వచ్చిన చట్టం చాలాచోట్ల పొగతాగడాన్ని ఆపింది కాని కాసినో హాళ్లకు మినహాయింపు ఇచ్చింది. మూడేళ్ల పాపకు పేక ముక్కలు అర్థం కావు, పొగ మాత్రం ఛాతీలోకి వెళుతుంది. రోజుకు ఆరుసార్లు అటూ ఇటూ తిరిగితే ఆరుసార్లు పీల్చాల్సిందే. వెళ్లదలిస్తే కాసినో లేని హోటల్ చూసుకోండి. విదారా, ఎంజీఎం గ్రాండ్ పక్కనున్న సిగ్నేచర్ అలాంటివి. పార్క్ ఎంజీఎంలో కాసినో ఉంది కాని 2020 నుంచి లోపల పొగ నిషేధం. గది అద్దె మీద రిసార్ట్ రుసుము అని రాత్రికి 40, 50 డాలర్లు వేరే పడవచ్చు, మొత్తం ఎంతో ముందే అడగమనండి.

రెండోది ఎండ. మన విశాఖలో 35 డిగ్రీలకే చొక్కా తడిసి ముద్దవుతుంది, నీళ్లు తాగాలని ఒళ్లే చెబుతుంది. అక్కడ చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. పిల్లలు దాహం అనకముందే నీరసపడిపోతారు. వెళ్లిన మొదటి నెలలో మా అమ్మాయికి రెండుసార్లు ముక్కులోంచి రక్తం కారింది. 2024 జులైలో అక్కడ 48.9 డిగ్రీలు నమోదైంది, ఆ ఊరి చరిత్రలో అదే అత్యధికం. మే నెలాఖరులో అంత ఉండదు కాని మధ్యాహ్నం పిల్లలను వీధిలో నడిపించవద్దు. పటంలో పక్క పక్కనే కనిపించే రెండు హోటళ్ల మధ్య నడక ఒక్కోసారి అరగంట పడుతుంది.

మా అమ్మాయిని ఇప్పుడు అడిగితే దీపాల వీధి గుర్తు లేదంటుంది. గుర్తున్నవి రెండు. మాండలే బేలో సొరచేపల అక్వేరియం, హూవర్ ఆనకట్ట. ఆనకట్ట ఎత్తు 221 మీటర్లు, మన నాగార్జునసాగర్ 124. పైనుంచి కిందికి తొంగి చూసి, "ఇంత గోడ ఎవరు కట్టారు" అని దారి పొడవునా అడుగుతూనే ఉంది.

భీమవరం టు విశాఖ

గాజువాక అన్నగారి బాధ అర్థమైంది, దానిమీద నేనేమీ అనను. కాని మనందరం ఒక సంగతి పక్కన పెట్టి మాట్లాడుతున్నాం.

నేను సంక్రాంతి కోడి పందేల మధ్య పెరిగాను. మా తాతగారు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని బరికి తీసుకెళ్లేవారు. బరి పక్కనే గుండాట, ఆ పక్కన పేకాట. ప్రతి ఏడూ పోలీసులు హెచ్చరిస్తారు, ప్రతి ఏడూ మూడు రోజులూ జరుగుతుంది. చేతులు మారే నోట్ల కట్టలను నా కళ్లతో నేను ఐదేళ్లకే చూశాను. అక్కడ వయసు అడిగే మనిషి లేడు, ముందుకు నడవమనే కాపలా లేదు. పెళ్లి ఇళ్లలో రాత్రంతా సాగే పేకాట సంగతి చెప్పనే అక్కర్లేదు, పిల్లలు ఆ జంపఖానా మీదే నిద్రపోతారు.

అది మన పండుగ కాబట్టి మనకు తప్పుగా తోచదు. పరాయి దేశంలో అద్దాల మేడలో జరిగితే భయమేస్తుంది. పిల్లల మనసు మీద పడే ముద్ర గురించే మన బాధ అయితే మొదట భీమవరం గురించి మాట్లాడుకోవాలి. నేను మా పిల్లలను బరికి తీసుకెళ్లడం మానేశాను. లాస్ వేగాస్‌కు మాత్రం తీసుకెళ్లాను, నాకు బెంగ లేదు.

పెదవాల్తేరు మాస్టారు

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను, ఆ అలవాటుతో రాస్తున్నాను.

ఆ ఊరు ఒకప్పుడు పిల్లలను పిలిచి చూసింది. సర్కస్ సర్కస్ హోటల్ 1968 నుంచీ ఉంది. 1990లో కోట ఆకారంలో ఎక్స్‌కాలిబర్ కట్టారు. 1993లో పిరమిడ్ ఆకారంలో లక్సర్, సముద్రపు దొంగల యుద్ధం చూపించే ట్రెజర్ ఐలండ్, ఎంజీఎం గ్రాండ్ వెనుక థీమ్ పార్కు, అన్నీ ఒక్క ఏడాదే వచ్చాయి. ఆ థీమ్ పార్కు 2000లో మూతపడింది. 2003 నాటికి, ఇక్కడ జరిగినది ఇక్కడే ఉండిపోతుందని పెద్దలకు కన్నుగీటే ప్రకటనలు మొదలయ్యాయి. పిల్లలున్న కుటుంబం రాత్రి తొమ్మిదికల్లా గదికి చేరుతుంది, జూదపు బల్ల దగ్గర కూర్చోదు. ఆ ఊరి లెక్క అది. పిల్లలకు అక్కడ చోటు ఉండవచ్చు, కాని ఆ వీధి వారికోసం కట్టింది కాదు.

పాత హెండర్సన్ అమ్మాయి చెప్పిన 21 ఏళ్ల నియమం మంచిదే. అది ఆర్కేడ్‌కు, అంటే డబ్బు వేసి ఆడే పిల్లల ఆటల యంత్రాల గదికి, వర్తించదు. సర్కస్ సర్కస్‌లో కాసినో పై అంతస్తులో పిల్లల ఆటల మిడ్‌వే ఉంది. డబ్బు వెయ్యి, దీపం వెలుగుతుంది, తగిలితే బొమ్మ, తగలకపోతే మళ్లీ వెయ్యి. కింద పెద్దలు చేస్తున్నదీ అదే. ఇందుకోసం అమెరికా వెళ్లనక్కర్లేదు, మన ఊరి మాల్స్‌లోనూ ఉన్నాయి. మా మనవడిని ఒకసారి తీసుకెళ్లి, ఇంటికి వచ్చాక కాగితం మీద లెక్క కట్టించాను. కార్డులో వేయించినది 400 రూపాయలు, చేతికి వచ్చిన బొమ్మ బజారులో 60. వాడు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

మధురవాడ అమ్మాయీ, ఒక్క ప్రశ్న. మీతో వచ్చే పెద్దవాళ్లలో ఆడదలచుకున్నవారు ఎవరైనా ఉన్నారా? దానికి జవాబు తెలియకుండా మేము ఎంత రాసినా గాలిలో మాటలే.

సీతమ్మధార

కాసినో ఉన్న చోట పిల్లలు సుఖంగా ఉండవచ్చని నేను సింగపూర్‌లో చూశాను. మన ఊరి నుంచి నేరుగా విమానం ఉంది. 2010లో తెరిచిన రెండు పెద్ద రిసార్టుల్లోనూ కాసినో ఉంది, కాని దాని తలుపు వేరు, అక్కడ పాస్‌పోర్టు చూస్తారు. మేము సెంటోసాలో యూనివర్సల్ స్టూడియోస్‌లో రెండు రోజులు తిరిగాం, కాసినో గుమ్మం కూడా మాకు కనిపించలేదు. సింగపూర్ పౌరులైతే లోపలికి వెళ్లడానికే రోజుకు 150 సింగపూర్ డాలర్లు కట్టాలి. తమ మనుషులు తేలిగ్గా లోపలికి వెళ్లకూడదని ప్రభుత్వమే గడప ఎత్తు పెంచిందన్నమాట. గదికి వెళ్లే దారిని కాసినో గుండా వేసిన ఊరికీ, దీనికీ పోలిక లేదు.

మధురవాడ అమ్మ

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు గారి ప్రశ్న నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగాను. మా వారు కాసేపు పళ్లెంలోకి చూసి, "ఒక్క రాత్రి, తమ్ముడితో, వంద డాలర్లు, అంతకు మించి కాదు" అన్నారు. నాకు మొదట చెప్పింది "ఆడేది లేదు" అని.

కోపం రాలేదు. కాని ఆ రాత్రి ఎలా ఉంటుందో కళ్లముందు కనిపించింది. గదిలో నేను, ఇద్దరు పిల్లలు, అత్తగారు. వాళ్లిద్దరూ ఎప్పుడు వస్తారో తెలియదు. నాలుగు రాత్రుల్లో అలాంటివి ఎన్నో తెలియదు.

గాజువాక తండ్రి

మా తమ్ముడి మొదటి ఆట యాభై రూపాయలు.

భీమవరం టు విశాఖ

ఏడాది పొడవునా ఉద్యోగం చేసుకునే మనిషి ఒక రాత్రి వంద డాలర్లు పోగొట్టుకుంటే ఇల్లు కూలదు, అన్నగారూ. మీ తమ్ముడి విషయంలో జేబులో ఇరవై నాలుగు గంటలూ ఉన్న ఫోను వేరు, ఇది వేరు. అయినా మొదట లేదని, తర్వాత ఒక్క రాత్రి అనడం నాకూ నచ్చలేదు. అమ్మా, ఆయన ఆడవచ్చు, అయితే ఎప్పుడు తిరిగి వస్తారో ముందే చెప్పి, పిల్లలు నిద్రపోయాక వెళ్లాలి. మరుసటి ఉదయం పిల్లల బాధ్యత ఆయనదే కావాలి. మా ఇంట్లో అలాగే చేశాం.

పెదవాల్తేరు మాస్టారు

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను, చెప్పడానికి మనసు రావడం లేదు. మీరు వెళ్లే దారిలో కాలిఫోర్నియా దాటగానే ప్రిమ్ అనే చిన్న చోటు వస్తుంది. 1997 మేలో అక్కడ ఒక కాసినోలో తండ్రి తెల్లవారుజాము దాకా ఆడుతుండగా, ఆర్కేడ్‌లో తిరుగుతున్న ఏడేళ్ల పాప హత్యకు గురైంది. ఆ తర్వాత చట్టాలు మారాయి. భయపెట్టడానికి రాయలేదు. ఎవరు ఏ గంటకు పిల్లల దగ్గర ఉంటారో ఇంటి దగ్గరే తేల్చుకుని బయలుదేరండి. తర్వాత చూద్దాం అనుకునే విషయం కాదది.

మధురవాడ అమ్మ

చదివి చాలాసేపు కదలలేకపోయాను. మా వారికి చదివి వినిపించాను. ఆయన మరిదికి ఫోను చేసి నాలుగు రాత్రులను రెండు చేయించారు. కాసినో లేని హోటల్‌కు మార్చమన్నారు. మిగతా రెండు రోజులు జయాన్ జాతీయ వనానికి వెళతాం, లాస్ వేగాస్ నుంచి రెండున్నర గంటలట. ఆడడం గురించి నేను ఏమీ అనలేదు. "ఈసారి వద్దులే" అని ఆయనే అన్నారు. నిజంగానే మానుకుంటారో లేదో చూడాలి.

అత్తగారు ఒప్పుకున్నారు, కాని ఒక షరతు. హోటల్ ముందు నీళ్లు నాట్యం చేస్తాయట కదా, అది తప్పక చూపించాలట. పిల్లలను రాత్రి దాకా మేల్కొని ఉంచకుండా అది చూడవచ్చా?

పాత హెండర్సన్

చూడవచ్చండి. బెలాజియో ముందు, టికెట్ లేదు, వీధిలో నిలబడే చూడవచ్చు. మధ్యాహ్నాలు అరగంటకోసారి, సాయంత్రం నుంచి పావుగంటకోసారి వేస్తారు. పొద్దు వాలుతుండగా, దీపాలు వెలిగే సమయానికి వెళ్లండి, అప్పుడు ఎండా ఉండదు, మరీ రద్దీ కూడా ఉండదు. చీకటి పడ్డాక ఆ కాలిబాట మీద అరకొర దుస్తుల్లో ఫొటోలకు నిలబడి డబ్బు అడిగేవాళ్లు ఎక్కువవుతారు. పాపను తోపుడు బండిలో కాకుండా ఎత్తుకుని వెళ్లండి, కంచె దగ్గర మూడేళ్ల పిల్లకు పెద్దవాళ్ల నడుములు తప్ప ఏమీ కనిపించవు. గాలి గట్టిగా వీస్తే ఆట ఆపేస్తారు, కాబట్టి అత్తగారికి మొదటి సాయంత్రమే చూపించండి. ఆ రోజు కుదరకపోతే రెండోది మిగిలి ఉంటుంది.