రిపేరు చేయించాక మానిటర్ పసుపెక్కింది. నిజంగా ప్యానెల్ (బొమ్మ చూపే తెర) పోయిందా?

పాలకొల్లు కుర్రోడు:
నాన్నగారి ఎరువుల కొట్లో బిల్లులు కొట్టే 19 అంగుళాల పాత మానిటర్ అండి. వెలిగిన రెండు సెకన్లకే నల్లబడేది. మెకానిక్ పవర్ బోర్డులో ఉబ్బిన కెపాసిటర్లు మార్చాడు. ఇప్పుడు బొమ్మ నిలబడింది, కానీ తెల్లగా ఉండాల్సిందంతా పసుపు. "ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అంటున్నాడు. నిజమేనా?

రాజోలు రిపేరు షాపు:
ఆయన్ని అప్పుడే తిట్టుకోకండి. మన ఉప్పు గాలికి కనెక్టర్లు చిలుము పడతాయి. విప్పి బిగించేటప్పుడు పాతది ఏదో ఒకటి వదిలేస్తుంది. ప్యానెల్ అయినా కావచ్చు.

భీమవరం:
నేనొప్పుకోను. ప్యానెల్ పోతే గీతలు పడతాయి, లేదా ఓ పక్క మాయమవుతుంది. తెరంతా సమానంగా పసుపంటే నీలం సిగ్నల్ రావడం లేదని. ఎరుపు, ఆకుపచ్చ మిగిలితే వచ్చేది పసుపే కదా. వీజీఏ, అంటే కంప్యూటర్ నుంచి మానిటర్‌కి బొమ్మ తెచ్చే కేబుల్, దాని పిన్నుల్లో 1 ఎరుపు, 2 ఆకుపచ్చ, 3 నీలం. ఆ మూడో పిన్ను చూడండి.

అమలాపురం:
తెర వెనక వెలిగే బ్యాక్‌లైట్ ట్యూబులు ముసలివైనా పసుపెక్కుతుందండి. మా ఇంట్లోది అంతే.

భీమవరం:
అది పాత కాగితం రంగు. అప్పుడు నీలం బొమ్మ నీలంగానే కనిపిస్తుంది. ఈయనకి నీలం బొమ్మ నల్లగా వస్తోందా? అదొక్కటి చెప్పమనండి. ఇంకోటి, మానిటర్ బటన్ నొక్కి మెనూ తెరవండి. మెనూ రంగులు మానిటరే తయారుచేస్తుంది. అవి బాగుంటే ప్యానెల్ భేషుగ్గా ఉన్నట్టే.

రాజోలు రిపేరు షాపు:
ఈ మెనూ పరీక్ష మాత్రం సరైనదే, ఒప్పుకుంటున్నా. మెనూ కూడా పసుపైతే లోపల ప్యానెల్‌కి వెళ్లే వైరు వదులైందేమో చూడాలి. మీరు మాత్రం విప్పకండి, ప్లగ్ తీసినా పవర్ బోర్డులో పెద్ద కెపాసిటర్ షాక్ కొడుతుంది.

పాలకొల్లు కుర్రోడు:
నీలం నల్లగానే వస్తోందండి. మెనూ రంగులు చక్కగా ఉన్నాయి. పక్క కొట్టు కేబుల్ పెట్టినా మార్పు లేదు. కానీ మానిటర్ సాకెట్ దగ్గర కేబుల్ కదిపితే నీలం వచ్చి పోతోంది!

భీమవరం:
సాకెట్‌ని బోర్డుకి అతికించే సోల్డర్ వదిలింది. ఆ మెకానిక్కే ఊరికే అతికించాలి.

రాజోలు రిపేరు షాపు:
నేనైతే ఊరికే అతికిస్తాను. కానీ కేబుల్ మరలు బిగించకుండా రోజూ లాగిందెవరో?

పాలకొల్లు కుర్రోడు:
మరలు బిగించే అలవాటు మాకు లేదు, అదీ నిజమే. సాయంత్రం పట్టుకెళ్తున్నా. అతికించినందుకు డబ్బులిస్తాను గానీ, ప్యానెల్ మాట మాత్రం ఎత్తనివ్వను.