అప్‌డేట్: పదహారేళ్ల మా అక్క కూతురి విషయం

అమ్మాయికి గర్భం అని తెలిశాక పోలీసులకు చెప్పి తీరాలా, దాస్తే అక్కాబావల మీద కేసవుతుందా అని అడిగాను కదా. లాయరుగారిని కలిశాం.

చెప్పి తీరాల్సిందే. 18 నిండకపోతే అమ్మాయి ఇష్టపడ్డా సరే, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద నేరమే. సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్లెవరైనా, కన్నవాళ్లతో సహా, ఫిర్యాదు చేయాలి. దాస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బావ ఆ తర్వాత పరువు మాట ఎత్తలేదు.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఎఫ్ఐఆర్ తెస్తేనే అబార్షన్ అన్నారు. నిజానికి చట్టం అడిగేది సంరక్షకుల రాతపూర్వక సమ్మతి. అమ్మాయీ, సంరక్షకులూ కోరితే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో పేరు బయటపెట్టనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండో చోట అక్క సంతకం పెట్టింది. డాక్టరమ్మ అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి అడిగాకే ముందుకెళ్లారు. అది నాకు నచ్చింది. ఇప్పుడు కోలుకుంటోంది.

పెళ్లి చేసేయమన్న బంధువులకు లాయరుగారి జవాబు: బాల్యవివాహం జరిపించిన పెద్దలకు రెండేళ్ల దాకా జైలు. దెబ్బకు అందరూ గప్‌చుప్!

ఫిర్యాదు మేమే ఇచ్చాం. అబ్బాయికీ 17 ఏళ్లే కాబట్టి వాడి విషయం మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది.