తమ్ముడి మీద నాయినకు ఇంత కోపం ఎందుకు?

ప్రశ్న (మిర్యాలగూడ): తనకు మగవాళ్లే ఇష్టమని తమ్ముడు చెప్పి మూడు నెలలైంది. రైసుమిల్లు నుంచి రాగానే నాయిన వాడి కంచం వేరే పెట్టమంటాడు. "దేవుడు ఒప్పడు" అంటాడు. ఆయన గుడికి పోయేది ఉగాదికే! ఇది భక్తా, భయమా?

జవాబు (దేవరకొండ): భయమే అన్నా. మా బాపుకూ "నలుగురు ఏమంటరు, చెల్లె పెళ్లెట్ల" అనేదే అసలు టెన్షన్. దేవుడు తర్వాత వచ్చిండు.

జవాబు (పాలమూరు): మతం పాత్ర లేదనలేం, మా చర్చిలోనూ పాపమనే చెప్తారు. కానీ మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరమన్న 377 సెక్షన్ 1860లో ఇంగ్లిష్‌వాళ్లు రాసింది. ఇష్టపడిన పెద్దల మధ్య అది నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. ఇట్లాంటి ఇష్టాన్ని జబ్బుల జాబితా నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) 1990లోనే తీసేసింది. ఇవి ఆయనకు మెల్లగా చెప్పు, వాదించకు.

ప్రశ్న అడిగినాయన: చెప్పిన. వినలేదు. రాత్రి మాత్రం వాడి కంచంలో పచ్చిపులుసు తనే పోసిండు, మాట్లాడకుండా.