ఈ వారం సమస్య: ప్రేమ లేనట్టి చిత్రమే ప్రేమమయము

నిర్వాహకురాలు

సభ్యులందరికీ నమస్కారం. ఒక సినిమా చూసొచ్చి కళ్లు తుడుచుకుంటూ సమీక్షలు తెరిస్తే, "ప్రేమ పాళ్లు తక్కువ" అని మార్కులు కోసేసి ఉన్నాయి. డ్యూయెట్ లేదు, కౌగిలి లేదు, కాబట్టి ప్రేమ లేదట! ఆ కోపంలోంచి పుట్టిందే ఈ వారం పాదం. దీన్నే చివరి పాదంగా ఉంచి పై మూడు పాదాలు మీరు పూరించాలి. ఛందస్సు తేటగీతి.

*ప్రేమ లేనట్టి చిత్రమే ప్రేమమయము*

ఒక్క షరతు. పూరణ సమీక్షలా ఉండాలి. ప్రేమకథల కోసమే టికెట్ కొనే మనిషి ఆ సినిమాలో ఏం చూశాడో పద్యంలో కనబడాలి. ఫైట్లు, కెమెరా, వసూళ్ల సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు.

అడయారు కవి

చూపులొక్కటె చెప్పెడు సుద్దులెన్నొ,
పెదవి విప్పక నిలుచున్న బిడియమెంతొ,
మాటలందున "ప్రేమ"న్న మాటె లేదు,
ప్రేమ లేనట్టి చిత్రమే ప్రేమమయము.

ప్రేమ అనే మాట లేదంటున్నానే తప్ప ప్రేమ లేదనడం లేదు. సమస్య అక్కడే విడిపోయింది.

పెరంబూరు పెద్దాయన

హాయిగా సాగింది. మూడో పాదంలో "అందున" తర్వాత "ప్రేమ" వచ్చింది కదా, ఆ "న" గురువా (రెండు మాత్రలా) లఘువా (ఒక మాత్రా) అని ఎవరో ఒకరు బయల్దేరతారు. ఎలా చూసినా గణం (గురులఘువుల వరుస) నిలబడుతుంది, ముందే చెబుతున్నాను.

వడపళని వాణి

అన్నగారూ, పద్యం బాగుంది. కానీ ఏ సినిమా? ఈ చూపులు, ఈ బిడియం ఏ ప్రేమకథకైనా అతుకుతాయి. నిర్వాహకురాలు సమీక్ష అడిగారు, మీరు లక్షణం చెప్పారు. మీ పూరణల్లో నాకెప్పుడూ కనిపించే లోటే ఇది: ధార ఉంటుంది, మనుషులు ఉండరు.

నాది 1955 నాటి 'మిస్సమ్మ' మీద. మేరి అంటే అందులో సావిత్రి పాత్ర.

కొలువుకై దొంగ దంపతుల్ గూడి వచ్చి
పగలు కలహాలు, రేయిని పలుకు లేమి;
మేరి మనసున విరిసెనే మెల్లమెల్ల
ప్రేమ, లేనట్టి చిత్రమే ప్రేమమయము!

నిర్వాహకురాలు

ఆ విరుపు! "విరిసెనే మెల్లమెల్ల ప్రేమ" అని మూడో పాదాన్ని నాలుగో పాదంలోకి లాగి అక్కడ ఆపేశారు. ఇక మిగిలిన "లేనట్టి చిత్రమే" అంటే ఆ లేని దాంపత్యపు బొమ్మే. ఊరి కోసం కట్టిన ఉత్తుత్తి కాపురమే ప్రేమతో నిండిపోయిందన్నమాట. సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా అర్థం మొత్తం తిప్పేశారు. ఈ వారం ఇంతకంటే మంచి పూరణ వస్తుందని నేననుకోను.

అడయారు కవి

విరుపు గొప్పది, ఒప్పుకుంటాను. రెండు అభ్యంతరాలు. ఉద్యోగం దొరక్క భార్యాభర్తలమని చెప్పుకుని అప్పారావుపేట వెళ్లిన పాపానికి వాళ్లను "దొంగ దంపతులు" అనడం కటువుగా లేదూ? రెండోది, రేయిని పలుకు లేమి అన్నారు. వెన్నెల్లో అంత చక్కటి పాట పాడారు కదా ఇద్దరూ!

వడపళని వాణి

దొంగ నిద్ర, దొంగ ఏడుపు అంటాం. ఎవరైనా పోలీసులకు పట్టిస్తారా? ఇదీ అంతే.

ఇక పాట. ఆ పాట ఇంకోసారి చూడండి అన్నగారూ. ఇద్దరూ మొరపెట్టుకునేది చందమామతో. ఆవిడ మీద ఆయన, ఆయన మీద ఆవిడ చాడీలు చెబుతారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. నా "పలుకు లేమి" అదే. ఆ చాడీల్లోనే ప్రేమ మొదలైపోయిందని మనకు తెలుస్తుంది, వాళ్లకింకా తెలియదు. ప్రేమకథ చూడటంలో అంతకంటే సుఖం ఇంకేం ఉంటుంది? రామారావు, సావిత్రి ఆ సినిమాలో ఒకరి కోసం ఒకరు ప్రాణాలిచ్చే మాటలేవీ చెప్పరు. చిరాకు పడతారు, అలుగుతారు, అయినా ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. ఎల్వీ ప్రసాద్ గారు ఆ చిరాకునే ప్రేమగా పండించారు.

మా వడపళనిలో విజయా వాహినీ స్టూడియో జాగాలో ఇప్పుడు మాల్ ఉంది, అందులో మల్టీప్లెక్స్ ఉంది. అక్కడ కొత్త ప్రేమకథ చూసి బయటికొచ్చిన ప్రతిసారీ నాకు మేరీయే గుర్తొస్తుంది.

వేళచ్చేరి కుర్రాడు

అందరికీ నమస్కారం, గుంపుకి కొత్త. నేను పాదాన్ని ప్రశ్నగా తీసుకున్నాను.

పాటలారింట పరదేశ పర్యటనలు,
వెంటబడు వాని వేధింపు వీరగాథ,
ఇట్టి కథకును ప్రేమంటూ ఎందుకనిరి?
ప్రేమ లేనట్టి చిత్రమే ప్రేమమయము?

నాకు ప్రేమ సినిమాలంటే ప్రాణం. అందుకే ఇలాంటివి చూస్తే ఒళ్లు మండుతుంది.

పెరంబూరు పెద్దాయన

రావయ్యా నాయనా. మూడో పాదంలో "టూ" కాలికి తగిలింది, చూసుకో. మిగతాదంతా నున్నగా ఉంది.

అడయారు కవి

కాకువుతో, అంటే ప్రశ్నించే గొంతుతో, పూరించడం పాత దారే అయినా రెండో పాదం బలంగా ఉంది. ఆ "టూ" మాత్రం క్షమించరానిది. మాట్లాడినట్టు రాస్తే ఛందస్సు ఊరుకోదు.

వడపళని వాణి

క్షమించరానిదేమీ కాదు, ఒక్క మాట మారిస్తే పోతుంది. మీరు రెండో పాదం దగ్గర ఆగండి. వెంటబడేవాడి వేధింపు వీరగాథ అయిపోయిందన్న ఒక్క ముక్కలో ఈ తమ్ముడు ఎన్నో సినిమాలకు సమీక్ష రాసేశాడు. అమ్మాయి వద్దంటుంది, వాడు వినడు, ఇంటి ముందు కాపు కాస్తాడు, ఆఖరికి ఆమె నవ్వుతుంది, హాల్లో ఈలలు. ప్రేమకథ కోసం వెళ్లిన నాలాంటిదానికి అక్కడ టెన్షనే తప్ప ప్రేమ కనబడదు. మేరీ బొట్టు పెట్టుకోనంటే గొడవ పడతారు, వాదించుకుంటారు, కానీ ఆమె మనసు మారేదాకా కథ ఓపిక పడుతుంది. ఆ ఓపిక ఉందా లేదా అనే నేను ప్రతి సినిమాలోనూ చూస్తాను.

అడయారు కవి

ఓపిక గురించి ఇంత చెప్పే వాణి గారే పోయిన నెల 'మరోచరిత్ర'ను ఆకాశానికెత్తుతూ పూరణ రాశారు. ప్రేయసీ ప్రియులిద్దరూ పోయాక అది ప్రేమకథ ఎలా అవుతుంది? నేను ప్రేమకథకు వెళ్లేది ఆ ఇద్దరూ కలవడం చూడటానికి. చివర్లో కలపకపోతే ఎంత గొప్ప సినిమా అయినా నా లెక్కలో అది విషాదమే. అప్పుడూ ఇదే అన్నాను, జవాబు రాలేదు.

వడపళని వాణి

జవాబు ఇదిగో. ఛందస్సు ఆటవెలది.

బొమ్మ కాల్చనేమి? బూడిదన్ త్రావెను
ప్రియుని వీడలేని ప్రేమతోడ;
ముగిసెనంచు నీవు మోము దిప్పితివేల?
చావు గెలిచెనేమి? జంట గెలిచె!

పద్యం కాబట్టి "నీవు" అన్నాను, మరోలా అనుకోకండి అన్నగారూ. అతని ఫొటో తన తల్లి కాల్చేస్తే, ఆ బూడిద కలుపుకుని తాగేసిన పిల్ల స్వప్న. ఆ సీన్ చూశాక ముగింపు ఏదైనా నాకొకటే.

పెరంబూరు పెద్దాయన

'మరోచరిత్ర' 1978లో వచ్చింది. బాలచందర్ గారు తీసిన నలుపు తెలుపు సినిమా. అబ్బాయి తమిళుడు, అమ్మాయి తెలుగుది, ఊరు విశాఖ. మౌంట్ రోడ్డు సఫైర్ థియేటర్‌లో డబ్బింగ్ లేకుండా ఏడాదికి పైగా ఆడింది. అది విషాదమే అయితే తెలుగు రాని తమిళులు అన్నాళ్లు ఎందుకు చూశారంటావు, అడయారూ? వాళ్లు ఏడవడానికి టికెట్ కొనలేదు. బాలు, స్వప్న ఒకరి భాష ఒకరు పట్టుకుని వేలాడటం చూడటానికొచ్చారు. మద్రాసులో బతికిన తెలుగువాళ్లం, మనకు ఆ కథ వేరే చెప్పాలా?

అడయారు కవి

"బూడిదన్ త్రావెను" దగ్గర గుండె పట్టుకుంది. పద్యానికి నమస్కారం. అభిప్రాయం మాత్రం మార్చుకోను. ఆ ఇద్దరూ బతికుంటే నేను ఆ సినిమా ఇంకా ఎన్నోసార్లు చూసి ఉండేవాణ్ణి.

వేళచ్చేరి కుర్రాడు

సరిచేశాను, చూడండి:

ఇట్టి కథకును ప్రేమంచు నెందుకనిరి?

నిర్వాహకురాలు

ఇప్పుడు గణం, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ) రెండూ కుదిరాయి. కుర్రాడి పూరణ స్వీకరించాం. వాణి గారి విరుపుకే ఈ వారం మొదటి తాంబూలం. అడయారు వారు ఏదైనా ఒక్క సినిమా పేరు చెప్పి ఆ మొదటి రెండు పాదాలు మళ్లీ రాస్తే చదవాలని ఉంది. వచ్చే వారానికి ఆటవెలది:

*ముద్దు లేని సినిమ ముద్దుగుండు*