మోకాళ్ల మీద ఉన్న క్లాడియస్‌ను హామ్లెట్ ఎందుకు వదిలేశాడు?

పాతపుస్తకం:
షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లో మూడో అంకం, మూడో రంగం. డెన్మార్క్ రాజు క్లాడియస్ ఒంటరిగా మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేయబోతుంటాడు. వెనక నుంచి యువరాజు హామ్లెట్ వచ్చి కత్తి దూస్తాడు. తన తండ్రి చెవిలో విషం పోసి చంపినవాడు, తల్లిని పెళ్లాడినవాడు చేతికందే దూరంలో ఉన్నాడు. పక్కన కాపలా కూడా లేదు. అయినా చంపడు. ప్రార్థనలో ఉండగా చంపితే వీడు స్వర్గానికి పోతాడు, మా నాన్నకు పాపాలు ఒప్పుకునే వ్యవధి కూడా దొరకలేదు, వీడు తాగి పడున్నప్పుడో పాపం చేస్తున్నప్పుడో చూసి చంపుతాను అనుకుంటూ కత్తి ఒరలో పెట్టేస్తాడు.

నా దృష్టిలో ఇది ఉత్త సాకు. చంపడం అతనికి చేతకాదని కాదు. కాసేపటికే తల్లి గదిలో, తెర వెనక ఉన్నది ఎవరో చూడకుండానే పొడిచేస్తాడు, రాజు మంత్రి పొలోనియస్ చచ్చిపోతాడు. ఆలోచించే టైమ్ దొరక్కపోతే చంపుతాడు, దొరికితే ఆగిపోతాడు. నాలుగో అంకంలో తనే ఒప్పుకుంటాడు: తన ఆలోచనను నాలుగు పాళ్లు చేస్తే వివేకం ఒక్క పాలు, మూడు పాళ్లు పిరికితనమేనని. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మూడోగంట:
పాతపుస్తకం గారూ, చాలామంది ఇలాగే అంటారు. ఇంగ్లీషు కవి, విమర్శకుడు కాలరిడ్జ్ కాలం నుంచీ ఉన్న మాటే ఇది. కానీ మీరు ఐదో అంకం దాకా రాలేదు. నాలుగో అంకంలో మీరు చెప్పిన ఆ స్వగతం కూడా 1604 నాటి క్వార్టోలో (విడిగా అచ్చయిన చిన్న పుస్తకం) ఉంది గానీ 1623 ఫోలియోలో (నాటకాలు కలిపి వేసిన పెద్ద సంపుటి) లేదు. మొత్తం కేసును దాని మీద నిలబెట్టలేం.

హామ్లెట్‌ను ఇంగ్లండ్ పంపినప్పుడు వెంట రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్ ఉంటారు. చిన్నప్పటి స్నేహితులు. వాళ్ల దగ్గరున్న ఉత్తరంలో హామ్లెట్ తల తీయమని రాజాజ్ఞ. రాత్రి చీకట్లో తడుముకుంటూ వెళ్లి ఆ ఉత్తరం తీసి చదువుతాడు. కూర్చుని కొత్త ఉత్తరం రాస్తాడు. తెచ్చినవాళ్లను వెంటనే చంపండి, పాపసంకీర్తనానికి కూడా టైమ్ ఇవ్వొద్దు అని. దాని మీద వేసిన ముద్ర ఎవరిదనుకున్నారు? సంచిలో ఉన్న తండ్రి ఉంగరంది.

ఆ ‘టైమ్ ఇవ్వొద్దు’ అన్న మాట అక్కడ ఎందుకుండాలి? వాళ్లు చస్తే చాలు కదా. తన తండ్రికి ఏది దక్కలేదో అదే వాళ్లకూ దక్కకూడదని తండ్రి ముద్రతోనే రాసి పంపాడు. పైగా వాళ్ల చావు నా మనస్సాక్షిని తాకదు అంటాడు స్నేహితుడు హొరేషియోతో. ఇది పిరికివాడి పనా? క్లాడియస్ వెనక నిలబడి చెప్పిన కారణం సాకు కాదు. అతని మనసులో నిజంగా ఉన్నదే అది.

విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ 1765లో షేక్‌స్పియర్ నాటకాలను ప్రచురిస్తూ, ఈ ప్రసంగం చదవలేనంత, పలకలేనంత ఘోరమని రాశాడు. సాకు అనుకుంటే అంత బాధపడేవాడా? నిజమని నమ్మాడు కాబట్టే ఒళ్లు జలదరించింది.

కొత్తపాఠకుడు:
మరి హత్య సంగతి చెప్పిన తండ్రి ప్రేతం మీద అనుమానం? అది సైతాను కూడా కావచ్చని అతనే అన్నాడు కదా.

మూడోగంట:
ఆ అనుమానం రాజు ముందు అలాంటి హత్యే ఉన్న నాటకం ఆడించడంతోనే తీరిపోయింది తమ్ముడూ. ప్రేతం మాటకు వెయ్యి పౌండ్లు పెట్టొచ్చు అని అప్పుడే అంటాడు. ప్రార్థన సీన్ ఆ వెంటనే, అదే రాత్రి.

నేలమీదిరాజు:
ఎం.ఏ.లో ఉండగా మా క్లాసు వాళ్లం ఈ సీన్ వేశాం. నేను క్లాడియస్. సిమెంటు నేల మీద మోకాళ్లు పెట్టి, తల వంచి, వెనక మా హామ్లెట్ మాట్లాడుతున్నంత సేపూ కదలకుండా ఉండాలి. మొదటిసారి రిహార్సల్లో అట్టకత్తి నా మెడకు తగిలింది. అట్టే అని తెలుసు, అయినా చెమట పట్టింది.

ఆ భంగిమలో కూర్చున్నాక నాకు ఒకటి అర్థమైంది. క్లాడియస్‌కు ప్రార్థన రావడం లేదు. హామ్లెట్ రాకముందే అతను తన లెక్క తను చెప్పుకుంటాడు: ఎందుకోసం హత్య చేశానో అవన్నీ ఇంకా నా దగ్గరే ఉన్నాయి, నా కిరీటం, నా ఆశ, నా రాణి. వాటిని వదులుకోకుండా క్షమాపణ దొరుకుతుందా? ఆ వరుస చూడండి, కిరీటం ముందు, భార్య చివర. హామ్లెట్ వెళ్లిపోయాక లేచి, మాటలు పైకి పోతున్నాయి, మనసు కిందే ఉండిపోయింది అంటాడు. అంటే ఆ క్షణంలో పొడిచినా స్వర్గానికి పోయేవాడు కాదు. హామ్లెట్ చెప్పిన కారణం నిజమే కావచ్చు మూడోగంట గారూ, కానీ లెక్క తప్పింది. ఎదుటివాడి ఆత్మ ఎటు పోతుందో తనకు తెలుసు అనుకున్నాడు. పొలోనియస్ నుంచి అతని కూతురు ఒఫీలియా దాకా ఆ తర్వాతి చావులన్నీ ఆ తప్పు లెక్క నుంచే వచ్చాయి.

గోదారిగట్టు:
అందరూ తండ్రి గురించే మాట్లాడుతున్నారు. ప్రార్థన సీన్‌లోని స్వగతం చివర్లో హామ్లెట్ ‘అమ్మ ఎదురుచూస్తోంది’ అంటాడు. అతని కాళ్లు అటే లాగుతున్నాయి. తల్లి జోలికి పోవద్దు, ఆమెను దేవుడికి వదిలెయ్ అని ప్రేతం మొదటి అంకంలోనే చెప్పింది. అయినా చంపాల్సినవాణ్ణి వదిలి, ముట్టుకోవద్దన్న మనిషి దగ్గరికి వెళ్లాడు. ఎంతగా అరిచాడంటే, తండ్రి మళ్లీ వచ్చి నీ పట్టుదల మొద్దుబారింది అని గుర్తుచేయాల్సి వచ్చింది.

చివరి సీన్ కూడా చూడండి. హామ్లెట్ కోసం క్లాడియస్ విషం కలిపిన గిన్నె తాగి తల్లి గెర్‌ట్రూడ్ చచ్చిపోతుంది. అప్పుడు కదా క్లాడియస్‌ను పొడిచి, మిగిలిన విషం బలవంతంగా పోసేది! ‘హంతకుడా’ అంటాడు, ‘మా అమ్మ వెనకే పో’ అంటాడు. ‘మా నాన్న కోసం’ అన్న మాట మాత్రం రాదు. తల్లి మీద దాగిన కోరిక అని ఫ్రాయిడ్ చెప్పినంత దూరం నేను పోను. కానీ ఐదు అంకాల పాటు తండ్రి పగ అని మోసినవాడు ఆ క్షణంలో తండ్రిని తలచుకోకపోవడం నన్ను వదలదు.

మూడోగంట:
గోదారిగట్టు గారూ, తల్లి విషయంలో మీరు చెప్పింది కాదనలేను. ప్రార్థన సీన్ గురించే ఇంకో మాట. మనం దీన్ని మన భారతంలో చదివినవాళ్లమే. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ రాత్రిపూట శిబిరంలో జొరబడి నిద్రలో ఉన్న ధృష్టద్యుమ్నుణ్ణి పట్టుకుంటాడు. అతను కూడా తండ్రి కోసమే వచ్చాడు. ధృష్టద్యుమ్నుడు ప్రాణం అడగడు, ఆయుధంతో చంపు, పుణ్యలోకాలకు పోతాను అని మాత్రం అడుగుతాడు. గురుహంతకుడికి లోకాలు లేవని అశ్వత్థామ అతణ్ణి కాళ్లతో కుమ్మి చంపుతాడు. తిక్కన తెలుగులో చదివినా అంతే భయం వేస్తుంది. అక్కడ సాకు అని మనం ఎవరమూ అనం. పగ ప్రాణంతో ఆగక పరలోకం దాకా వెంటపడింది అంటాం. హామ్లెట్ సున్నితమైనవాడు, చదువుకున్నవాడు అని మనకు ఇష్టం. అందుకే అతని నోట అదే మాట వస్తే నమ్మబుద్ధి కాదు.

పాతపుస్తకం:
ఉంగరం సంగతి నేను సరిగ్గా పట్టించుకోలేదు, నిజం. ఆ ఉత్తరం మళ్లీ చదివాను. ‘పిరికితనం’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ తెర వెనక మనిషి సంగతి ఇంకా తేలలేదు. ఇప్పుడే రాజును వేరే గదిలో మోకాళ్ల మీద చూసి వచ్చాడు. పొడిచాక మాత్రం ‘రాజేనా?’ అని అడుగుతాడు. ఎలా అనుకున్నాడు?

నేలమీదిరాజు:
దానికి నా దగ్గర జవాబు లేదండీ. ఒకటి మాత్రం చెప్తాను. క్లాడియస్‌గా నా ఆఖరి డైలాగ్, కత్తి దిగాక, ‘మిత్రులారా, కాపాడండి, నాకు గాయమే అయింది’ అని. దేవుడి పేరు లేదు, పాపం మాట లేదు. ప్రార్థన సీన్‌లో హామ్లెట్ కోరుకున్న చావు సరిగ్గా ఇదే. ఆ రోజు రిహార్సల్ అయ్యాక మా హామ్లెట్ వచ్చి అడిగాడు, ‘ఇప్పుడు నేను సంతోషించాలా?’ అని. స్క్రిప్టు ఇద్దరం కలిసి వెతికాం. హామ్లెట్ దాని గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడడు. పొలోనియస్ కొడుకు లేయర్టీస్ వైపు తిరుగుతాడు.